గ్రాఫులో పట్టని దొర: సగటు, మినహాయింపు, ప్రాతినిధ్యం

నల్లగొండలో డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్లు అర్థశాస్త్రం చెప్పాను. అందులో ఒక పేపరు గణాంకశాస్త్రం. పటేల్, పట్వారీ వ్యవస్థ 1984లో రద్దు కావడానికి రెండు మూడేళ్ల ముందు, దసరా సెలవుల్లో చేసుకు రమ్మని పిల్లలకు ఒక పని అప్పగించాను. ఎవరి ఊరికి వాళ్లు పోయి, పట్వారీని బతిమాలో బామాలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ చూసి, పట్టాదార్ల పేర్లూ వాళ్ల భూమి విస్తీర్ణమూ రాసుకొని గ్రాఫు గీయాలి. ఊళ్లో సగటు కమతం ఎంతో తేల్చాలి.

ఒకే ఊరినుంచి వచ్చిన ఇద్దరు రెండు వేరు వేరు గ్రాఫులు తెచ్చారు. మొదటివాడిది చూడముచ్చటగా ఉంది. ఒకే కాగితం మీద చిన్నా పెద్దా కమ్మీలు, పక్కన స్కేలు, కింద సగటు. "సార్, ఒక్క పేరు తీసేసిన. అది ఉంటే కడమ కమ్మీలు కండ్లకే ఆనుతలేవు. తీసేస్తే గ్రాఫు మంచిగొచ్చింది" అన్నాడు. రెండోవాడు ఆ పేరు తీయలేదు. కాగితం చాలక, గంజితో ఒకదానికొకటి అంటించి చాపచుట్టలా చుట్టుకొచ్చాడు. బల్లమీద పరిస్తే కిందికి జారి తలుపుదాకా పోయింది. ఊరంతా మొదటి కాగితం అడుగున చీమల బారులా ఉంది. ఆ ఒక్క కమ్మీ మాత్రం తలుపుదాకా ఉంది. క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను. మొదటివాడికే ఎక్కువ మార్కులు వేశాను.

పాఠ్యపుస్తకం ప్రకారం నేను చేసింది తప్పు కాదు. అంత్య విలువలు సగటును తప్పుదారి పట్టిస్తాయనీ, వాటి విషయంలో జాగ్రత్తగా ఉండాలనీ పుస్తకంలో ఉంది. జాగ్రత్త అంటే తీసెయ్యడమే అనుకున్నాను. ఆ ఊరూ, ఆ మనిషీ ఎవరన్నది ఈ వ్యాసానికి అవసరం లేదు.

ఈ పాత సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఈ మధ్య ఒక సాహిత్య సభలో తెలంగాణ నవలల మీద చర్చ జరిగింది. చదువుకున్నవాడూ, నెమ్మదస్తుడూ అయిన ఒక వక్త ఇలా వాదించాడు: "మన నవలల్లో దొర ఎప్పుడూ వేల ఎకరాల దొరే. గడీ, వెట్టి, హింస. వాస్తవంలో అలాంటివాళ్లు ఎందరు? వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మామూలు పటేలు, మామూలు రైతు, సగటు పల్లె ఏ నవలలోనూ లేవు. మినహాయింపును తీసుకొచ్చి వాస్తవికత అనడం అన్యాయం." సభలో కొందరు కోపగించుకున్నారు. నాకు కోపం రాలేదు. ఎందుకంటే అతనన్నది నేను ఒకప్పుడు మార్కులు వేసి మరీ ఒప్పుకున్న మాటే. ఆ మాటకు జవాబు సాహిత్యంలోకన్నా ముందు లెక్కల్లో వెతకాలని నాకనిపించింది.

సగటు అనే భావనకు ఒక చరిత్ర ఉంది. బెల్జియం దేశపు ఖగోళ శాస్త్రవేత్త కెట్లే 1835లో 'సగటు మనిషి' అనే ఊహను సమాజశాస్త్రంలోకి తెచ్చాడు. నక్షత్రం స్థానాన్ని పదిసార్లు కొలిస్తే పది రకాలుగా వస్తుంది. అసలు స్థానం ఆ కొలతల సగటు దగ్గర ఉంటుంది, తేడాలన్నీ కొలతలో దొర్లిన పొరపాట్లు. ఇది ఖగోళ శాస్త్రంలో సరైన పద్ధతే. కెట్లే దీన్ని మనుషులకు వర్తింపజేశాడు. 5,738 మంది స్కాట్లండు సైనికుల ఛాతీ కొలతలు తీసుకొని, వాళ్లంతా ఒకే ఆదర్శ సైనికుడిని ప్రకృతి కొలవబోయి చేసిన పొరపాట్లు అన్నట్టుగా లెక్కించాడు. సగటుమనిషి అసలు, తక్కినవాళ్లు తప్పులు! ఈ చూపు ఆ తర్వాత చాలామంది మేధావుల తలల్లో తెలియకుండానే స్థిరపడిపోయింది. సభలో మాట్లాడిన మిత్రుడి తలలోనూ, 1980ల నాటి నా తలలోనూ ఉన్నది అదే.

గణాంకశాస్త్రం అక్కడే ఆగిపోలేదు. మధ్యగతం అనే కొలత ఉంది. అందరినీ వరసగా నిలబెట్టి సరిగ్గా నడుమ ఉన్నవాడిని చూసే పద్ధతి అది. చివర నిలబడ్డవాడు ఎంత పెద్దవాడైనా నడిమివాడు మారడు. 1905లో లోరెంజ్ అనే అమెరికన్ సంపద పంపకాన్ని ఒక వంపుగీతగా చూపించాడు. 1912లో ఇటలీవాడు జీనీ అసమానతకు ఒక అంకె కట్టాడు. 1977లో జాన్ టూకీ అనే శాస్త్రవేత్త తన పుస్తకంలో ఒక తేలిక సూత్రం చెప్పాడు. నడిమి సగం విలువలు ఎంత వెడల్పున పరుచుకున్నాయో చూసి, దానికి ఒకటిన్నర రెట్లు దాటి బయట ఉన్నవాటిని విడిగా చుక్కలు పెట్టి చూపించాలి. విడిగా చూపించాలన్నాడు గాని చెరిపేయమనలేదు. ముందు వాటి దగ్గరికి పోయి అవి ఎందుకలా ఉన్నాయో అడగాలి. నేను పిల్లలకు చెప్పని పాఠం ఇదే.

ఇక మన జిల్లాల లెక్కకు వద్దాం. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద 1972లో ప్రచురించిన గ్రంథంలో 1950-51 నాటి ప్రభుత్వ పరిపాలనా నివేదిక నుంచి ఇచ్చిన వివరం ఒకటుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్, వరంగల్ జిల్లాల్లో 500 ఎకరాలు దాటిన పట్టాదార్లు సుమారు 550 మంది. సాగుకు పనికొచ్చే మొత్తం భూమిలో నూటికి 60 నుంచి 70 వంతులు వాళ్లదే. మూడు పెద్ద జిల్లాల లక్షలాది జనంలో 550 మంది ఎంత? వక్త చెప్పినట్టు మినహాయింపులే. పట్టికలోంచి 550 పేర్లు తీసేస్తే జనాభా లెక్కలో తేడాయే కనపడదు. కాని వాళ్లతో పాటు భూమిలో మూడింట రెండు వంతులు దాకా పట్టికలోంచి వెళ్లిపోతుంది. ఇది ఏ రకం మినహాయింపు?

ఆ 550 మందిలోనూ ఒకరికొకరికి పొంతన లేదు. సుందరయ్య ఇచ్చిన జాబితా ప్రకారం సూర్యాపేట దేశ్‌ముఖ్‌కు 20,000 ఎకరాలు, విసునూరు దేశ్‌ముఖ్‌కు 40,000 ఎకరాలు, జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలు. 500 ఎకరాల దొరను ఆయన పక్కన నిలబెడితే మూడు వందలో వంతు. మా రెండో విద్యార్థి పద్ధతిలో ఎకరానికి ఒక మిల్లీమీటరు చొప్పున కమ్మీ గీస్తే ప్రతాపరెడ్డి కమ్మీ 150 మీటర్లు వస్తుంది. హైదరాబాదునుంచి వరంగల్ రైల్లో పోయేవాళ్లకు భువనగిరి గుట్ట కనపడుతుంది కదా, ఒకటే బండ, దాదాపు 500 అడుగులు. అంత ఎత్తు. అదే స్కేలులో రెండెకరాల రైతు కమ్మీ ఒక బియ్యపుగింజ మందం. గుట్టనూ గింజనూ కలిపి సగటు తీస్తే వచ్చేదానికి ఏ ఊళ్లోనూ మనిషి ఉండడు.

అయితే గుట్టకూ గింజకూ సంబంధం ఏమిటన్నది అసలు ప్రశ్న. ఒక క్లాసులో ఒక కుర్రవాడు ఆరున్నర అడుగులు పెరిగాడనుకోండి. అతడూ అంత్య విలువే. కాని అతడు పెరిగినందువల్ల పక్కవాడు పొట్టివాడు కాలేదు. 2009 అక్టోబరు మొదట్లో కృష్ణా, తుంగభద్రలు పొంగి అలంపూర్‌నూ కర్నూలునూ ముంచాయి. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. ఆ ఏడాది ప్రవాహాల గ్రాఫులో అదొక విపరీతపు చుక్క. కాని ఆ రోజు వచ్చిన నీళ్లు మరో రోజు నీళ్లను దొంగిలించినవి కావు. భూమి అట్లా కాదు. ఊళ్లో భూమి ఇంత అని హద్దురాళ్లు ఉన్నాయి. ఒకరి కమ్మీ పెరిగిందంటే ఇంకొకరి కమ్మీ తరిగి పెరిగిందే. ఎత్తుల పట్టికలో అంత్య విలువను పక్కన పెడితే మిగతా పట్టిక చెక్కుచెదరదు. భూమి పట్టికలో అంత్య విలువను తీసేస్తే మిగతావి ఎందుకంత చిన్నవో చెప్పే ఒకే ఒక్క ఆధారం పోతుంది.

ఆ కమ్మీ ఎట్లా పెరిగిందో చరిత్రలో ఉంది. మొదటి సాలార్‌జంగ్ దివానుగా వచ్చేనాటికి నిజాం రాజ్యంలో శిస్తు వసూలు దేశ్‌ముఖ్‌ల, దేశ్‌పాండేల చేతిలో ఉండేది. 1865లో ఆయన జిలాబందీ అమలుచేసి, జిల్లాలు ఏర్పరచి, వసూలును జీతపు ఉద్యోగులకు అప్పగించాడు. పోయిన హక్కుకు బదులుగా పాతవాళ్లకు వతన్లు దక్కాయి. దానితోపాటు ఊరి కాగితాలు, ఊరి పెత్తనం వాళ్ల చేతిలోనే మిగిలాయి. ఆపైన సర్వే, బందోబస్తు జరిగినప్పుడు మంచి భూములు వేలకు వేల ఎకరాలు వాళ్ల పేర రాయించుకున్నారు. తాతలనాటినుంచి దున్నుతున్న రైతుకు తన చెలక మరొకరి పేర ఎక్కిందన్న సంగతి తెలిసేసరికి కాలం మించిపోయింది. రైతు కౌలుదారై కూర్చున్నాడు. ఆ తర్వాత నాగుల పేరిట అప్పిచ్చిన వడ్లు, కరువు, జప్తు మిగిలిన పని చేశాయి.

ఇక్కడ గణాంకశాస్త్రం చదివినవాళ్లు ఒక్క క్షణం ఆగాలి. అంత్య విలువ కనపడగానే మాకు నేర్పిన మొదటి అనుమానం, ఇది రాతలో దొర్లిన పొరపాటేమో అని. సున్నా ఎక్కువ పడిందేమో, కొలిచినవాడు తప్పు కొలిచాడేమో. మన పల్లెల్లో జరిగింది తలకిందులు. లెక్క రాసిన పట్వారీ దొర మనిషి. కొన్నిచోట్ల దొరే వతన్‌దారు. రాతవల్ల ఎక్కడైనా తప్పు పడిందంటే అది ఎకరం, అరెకరం రైతు వరసలో పడింది. దస్తావేజుల్లో అన్నిటికన్నా ఒప్పుగా, చేతిరాత కుదురుగా ఉన్నది ఆ పెద్ద అంకె.

మహబూబ్‌నగర్‌లో చిక్కు మరో రకం. అక్కడ గద్వాల, వనపర్తి, కొల్లాపురం, ఆత్మకూరు, గోపాలపేట సంస్థానాలుండేవి. సంస్థానాల, జాగీర్ల గ్రామాలు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే ఖాల్సా గ్రామాల కిందికి రావు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యేదాకా ఆ వ్యవహారం వేరు, ఈ వ్యవహారం వేరు. అందుచేత ఆ కాలపు 'పాలమూరు జిల్లా సగటు' అనే మాట ఎక్కడ చదివినా, ఏ గ్రామాల సగటు అని అడగాల్సి ఉంటుంది. సాహిత్య విద్యార్థులకు ఇది పొడి సంగతిగా తోస్తుందేమోగాని, నవలలో ఊరు ఖాల్సాదా, మక్తాదా, సంస్థానానిదా అన్నదాన్నిబట్టి దొర ఎవరో, అతని పైవాడు ఎవరో మారిపోతారు. రచయిత అది తేల్చుకోకపోతే పాత్ర గాలిలో నిలబడుతుంది.

ఎంత దాటితే అంత్య విలువ? టూకీ చెప్పిన ఒకటిన్నర రెట్లు అనేది సౌకర్యం కోసం పెట్టుకున్న గీత. తెలంగాణలో ఆ గీతను ఇంకో రకంగా గీశారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తర్వాత ఉద్యమం వెట్టి, అక్రమ వసూళ్ల మీద పోరాటం స్థాయిని దాటి భూమి పంపకానికి వచ్చింది. సంఘం మొదట పెట్టిన పరిమితి 500 ఎకరాలు. అంతకు మించినదే పంచాలి. కొంతకాలానికి దాన్ని 200కు దించారు. చివరకు మెట్ట 100 ఎకరాలు, మాగాణి 10 ఎకరాలు అన్నారు. మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచినట్టు సుందరయ్య రాశారు. ఊరికి 333 ఎకరాలన్నమాట. చూశారా, నేనూ సగటు తీసేశాను! అలవాటు అంత తొందరగా పోదు.

ఆ మూడు గీతలను గణాంకశాస్త్రం దృష్టితో చూస్తే ఒక విషయం తెలుస్తుంది. 500 దగ్గర గీత గీసినప్పుడు ఊళ్లో దాదాపు అందరూ ఒకవైపు, దొర ఒక్కడు మరోవైపు. 200కు దిగితే చిన్న దొరలూ పెద్ద పటేళ్లూ గీత దాటుతారు. 100కు దిగేసరికి నిన్నటిదాకా సంఘంలో ఉన్న కొందరు ధనిక రైతులకే గుబులు పుడుతుంది. అంకె మారడం వెనక జనంలో ఎవరు మనవాళ్లు, ఎవరు పైవాళ్లు అన్న తీర్పు మారుతోంది. ఆ తీర్పులు ఎంతవరకు సరైనవన్న వాదన వేరే. నేను చెప్పదలచింది ఇంతే: గీత ఎక్కడ గీయాలో కాగితం మీది చుక్కలు వాటంతటవి చెప్పవు, గీసేవాళ్లు తేల్చుకోవాలి. 1973 భూసంస్కరణల చట్టం కూడా ఒక గీతే. అయిదుగురి కుటుంబానికి నేలనుబట్టి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు. దాని సంగతి చివర చెబుతాను.

సగటు ఎంత గుడ్డిదో చూపించే లెక్క ఒకటి అప్పటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలోనే దొరుకుతుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అక్కడికి వచ్చినప్పుడు 40 హరిజన కుటుంబాలు తమకు 80 ఎకరాలు కావాలని అడిగాయి, 40 తరి, 40 ఖుష్కీ. ఇంటికి రెండెకరాలు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. దాని రాజకీయాలమీద నాకు వేరే అభిప్రాయాలున్నాయి. ఇక్కడ లెక్క మాత్రమే చూద్దాం. ఆ 40 ఇళ్లూ, దాత ఇల్లూ కలిపి 41. ఆ 100 ఎకరాల్నే పట్టికలో వేద్దాం. దానానికి ముందు 40 సున్నాలు, ఒక వంద. సగటు 2.44 ఎకరాలు. దానం తర్వాత ఆ వందనూ నలభై ఇళ్లకు సమానంగా పంచారనుకుందాం. ఒక్కో ఇంటికి రెండున్నర. సగటు? అదే 2.44. ఒక్క చుక్క కదలలేదు. నలభై ఇళ్లలో పొయ్యి వెలిగినా ఆరినా సగటుకు ఒకటే.

మధ్యగతం చూడండి. వరసలో ఇరవై ఒకటో ఇంటిముందు నిలబడితే, దానానికి ముందు సున్నా, తర్వాత రెండున్నర. అది మేలుకుంది. ఇక టూకీ సూత్రం పెడితే ఒక తమాషా. దానానికి ముందు వంద ఎకరాలది విడి చుక్క. దానం తర్వాత అదే ఇల్లు సున్నాగా కిందివైపు విడి చుక్క అవుతుంది! సూత్రం తెలిసినవాడు దాతమీద జాలిపడాలి. ఆయనకు పట్టికలో వేయని భూమి ఇంకా చాలా ఉందని మనకు తెలుసు కాబట్టి ఆ అవసరం లేదు. ఏ పట్టికకైనా బయట ఏం మిగిలిందో అడగకుండా లోపలి అంకెలను నమ్మకూడదని నేను ఈ లెక్కతోనే తర్వాతి ఏళ్లలో పిల్లలకు చెప్పేవాణ్ణి.

సగటు అబద్ధమాడే దారి ఇంకొకటుంది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో పునాదిరాయి పడింది. దాన్ని కట్టిన చేతుల్లో పాలమూరు కూలీల చేతులు ఎన్నో లెక్కలేదు. 1967లో నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పచ్చబడ్డాయి. అదే జిల్లాలో దేవరకొండ, మునుగోడు, మర్రిగూడ చెలకలకు ఆ నీళ్లు ఎక్కలేదు. బోరు వేస్తే ఫ్లోరైడు పడింది. రెంటినీ కలిపి 'నల్లగొండ జిల్లా సాగునీటి వసతి' అని ఒక అంకె వేస్తే దానిలో మర్రిగూడ పిల్లవాడి వంకరకాళ్లు కనపడవు, మిర్యాలగూడ రైసుమిల్లూ కనపడదు. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టారు. కోదాడ, హుజూర్‌నగర్ సూర్యాపేట జిల్లాలోకి పోయాయి. ఒక్క కొత్త కాలువ తవ్వకపోయినా, ఒక్క చెరువు ఎండకపోయినా ఆ రోజుతో జిల్లా సగటు మారింది.

ఇప్పుడు సాహిత్యానికి వద్దాం. సభలో వక్త అడిగిన ప్రశ్నను 1888లోనే ఎంగెల్స్ మరో రూపంలో ఎదుర్కొన్నాడు. మార్గరెట్ హార్క్‌నెస్ అనే ఇంగ్లీషు రచయిత్రి లండన్ ఈస్ట్ ఎండ్ పేదల మీద రాసిన నవల చదివి ఆమెకు ఉత్తరం రాశాడు. వివరాలు నిజమైతే చాలదనీ, ప్రాతినిధ్యం వహించే పరిస్థితుల్లో ప్రాతినిధ్య పాత్రలు కావాలనీ ఆ ఉత్తరంలోని మాట మనవాళ్లు వందసార్లు ఉదహరించారు. తక్కువమంది గమనించినది ఇంకొకటుంది. ఆ నవలలో కార్మికులు నోరులేని గుంపుగా ఉన్నారని ఎంగెల్స్ ఫిర్యాదు. అలాగని ఈస్ట్ ఎండ్ అప్పటికి నిజంగానే మందకొడిగా ఉందని ఆయనే ఒప్పుకున్నాడు. అంటే సగటు విషయంలో రచయిత్రి తప్పు రాయలేదు. మరుసటి ఏడాది, 1889 ఆగస్టులో, అదే ఈస్ట్ ఎండ్ రేవు కూలీలు సమ్మెకు దిగి లండన్ రేవును స్తంభింపజేశారు. ఏడాది ముందు సగటులో లేనిది ఎక్కడనుంచి ఊడిపడింది? ఎక్కడో ఒకరిద్దరిలో, మినహాయింపుల్లో, ఉండే ఉండాలి. ప్రాతినిధ్య పాత్ర అంటే సగటు పాత్ర కాదని ఆ తర్వాత లూకాచ్ వివరంగా వాదించాడు. ఒక కాలపు వైరుధ్యాలన్నీ చివరికంటా వ్యక్తమయ్యే చోటే ప్రాతినిధ్యం అన్నాడు.

మన దగ్గర ఆ చోటు పాలకుర్తి. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా. విసునూరు దేశ్‌ముఖ్‌కు 40,000 ఎకరాలు. చాకలి ఐలమ్మ చేతిలో ఉన్నది కౌలుకు తీసుకొని చేసుకుంటున్న నాలుగెకరాలు. పదివేలకు ఒకటి. ఆ నాలుగూ వచ్చి కలిసినా 40,000 కాస్తా 40,004 అవుతుంది. ఏ గ్రాఫులోనూ ఆ తేడాను గీయగల పెన్సిలు లేదు. మరి దేశ్‌ముఖ్ ఆమె పంటమీదికి మనుషుల్ని ఎందుకు పంపాడు? వడ్లకోసం కాదు. 1944 ప్రాంతంలో ఆ చుట్టుపక్కల సగటు మనిషి బాంచెనన్నవాడే. సంఘం వాళ్ల అండతో తన పంట తన ఇంటికి చేర్చుకున్న చాకలి మనిషి ఆ సగటుకు ఎంతో దూరాన ఉన్న ఒక్క చుక్క. ఆ ఒక్క చుక్కను అలా ఉండనిస్తే రేపు వరస మొత్తం కదులుతుందని మన విమర్శకుడికి తట్టకపోయినా దేశ్‌ముఖ్‌కు తట్టింది. ఒకే గ్రాఫులో రెండు కొసల రెండు మినహాయింపులు. రెంటినీ తీసేసి మిగిలిన 'సగటు పల్లె'ను నవలగా రాస్తే, 1946 ఎందుకు వచ్చిందో ఆ నవల చదివినవాడికి అంతుపట్టదు.

ఇంతమాత్రాన వక్త మాటలో నిజం లేదనను. మన కథల్లో కొన్నిట్లో దొర రాక్షసుడిగా ఆకాశంనుంచి దిగుతాడు. మీసం, కొరడా, జీపు. అతని భూమి ఎట్లా వచ్చింది, ఏ కాగితం మీద ఎవరు రాస్తే వచ్చింది అన్నది ఉండదు. అది మినహాయింపును దాని కారణాలనుంచి కోసి చూపించడం. నా విద్యార్థి చేసినదానికి సరిగ్గా తలకిందులు, అతడు ఊరును ఉంచి దొరను తీసేశాడు, వీళ్లు దొరను ఉంచి ఊరును తీసేశారు. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' ఈ తప్పు చేయదు. అందులో భూమి చేతులు మారే తతంగం కళ్లకు కట్టినట్టు ఉంటుంది. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'లో దొర పక్కన కరణం ఉంటాడు. పేరులోనే దేవుళ్లని బహువచనం పెట్టాడంటే ఆ రచయితకు లెక్క తెలుసు.

అన్ని వేళలా మినహాయింపే గెలుస్తుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. దానికి ఎదురు ఉదాహరణ పాలమూరు జిల్లావాడే ఇచ్చాడు. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఒక పండితుడు రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చాడు. పోతన పేరో, మరొక మహాకవి పేరో చెప్పి ఊరుకోవచ్చు. అప్పుడు ఎదుటివాడు అది మినహాయింపు అని తేలిగ్గా తోసేసేవాడు. అందుకని ఆయన ఊరూరికీ ఉత్తరాలు రాయించి, 354 మంది కవులను సేకరించి అచ్చువేశాడు. వాళ్లలో గొప్పవాళ్లు కొందరే. చాలామంది మామూలు పద్యాలు రాసినవాళ్లు. ఆ మామూలుతనమే అక్కడ వాదానికి బలం. లేరు అన్నవాడికి వరస మొత్తం చూపించాలి. అందరూ ఒకటే అన్నవాడికి వరస చివరన నిలబడ్డవాణ్ణి చూపించాలి. ఏ వాదానికి ఏ అంకె అన్న వివేకం ప్రతాపరెడ్డికి ఉన్నంతగా గణాంకశాస్త్రం చెప్పిన నాకు లేకపోయింది.

ఆ రెండో విద్యార్థి గ్రాఫు చుట్ట చాలాకాలం నా దగ్గరే ఉంది. ఇల్లు మారినప్పుడు విప్పి చూస్తే గంజి రాలిపోయి కాగితాలు విడివిడిగా వచ్చాయి. ఒక కాగితం వెనకవైపు పెన్సిలుతో గీసిన ఇంకో గ్రాఫు కనపడింది. ఆనాడు నేను తిప్పి చూడలేదు. అదే ఊరు, 1973 చట్టం అమల్లోకి వచ్చిన తర్వాతి పహాణీ. పెద్ద కమ్మీ లేదు. దాని స్థానంలో చట్టం గీత దాటకుండా, ఇంచుమించు ఒకే ఎత్తున ఉన్న కమ్మీలు ఒక బారు. ఒక్కోదాని కింద ఒక్కో పేరు, కొడుకులు, కోడళ్లు, మేనల్లుళ్లు, గడీలో వంటమనిషి. గ్రాఫు ఒకే కాగితంలో చక్కగా పట్టింది. ఆ బారు మొత్తం చుట్టూ అతను ఎర్ర పెన్సిలుతో ఒక గీత గీసి, పక్కన ఇలా రాసుకున్నాడు: "ఊళ్లో అడిగితే ఇదంతా ఒక్కటే చెలక అన్నరు."